ఒక చెంప గడ్డం

రిటైరయ్యాక హెపటైటిస్-బి గురించి అందరికీ చెప్పడమే నా పని. ఆ ఉదయం పటమటలో ఆ జబ్బు పరీక్షలు, టీకాల శిబిరంలో ప్రసంగం ఉందని, ఎదురుగా ఉన్న సెలూన్‌లో గడ్డానికి కూర్చున్నాను. ఎడమ చెంప అయ్యేసరికి సెలూన్ సుబ్బారావుకూ చెప్పడం మొదలుపెట్టాను.

“రక్తంతో అంటుకుంటుందయ్యా. ఉన్నవాడికే తెలియదు. మనిషికో కొత్త బ్లేడు వెయ్యాలి.”

“వేశానండి. మరి మీరు టెస్టు చేయించుకున్నారా మేష్టారూ?”

ఏ పని ఎన్నింటికి చేశానో రాసుకున్న నలభై ఏళ్ల డైరీలున్నాయి నా దగ్గర. వాటిలో ఆ పరీక్ష లేదు.

సుబ్బారావు కత్తి కింద పెట్టాడు. “పొద్దున నా వేలు తెగిందండి. టెస్టు కాగితం తెస్తే రెండో చెంప గీస్తాను.”

కుడి చెంప మీద నురగతోనే శిబిరం వరుసలో నిలబడ్డాను. వైరస్ లేదన్నారు. మొదటి టీకా వేశారు.

ఆనాటి డైరీ: ఎడమ చెంప 8.50, కుడి చెంప 10.40. నురగకు కారణం అడిగినవాళ్లందరికీ చెప్పిందే ఆరోజు నా ప్రసంగం. విన్నవాళ్లు నా వెనకే వరుసలో నిలబడ్డారు.