టేపులో లేని గంట మోత

1963 నవంబరు 17, ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలు. అప్పటివరకు దయ్యాలనూ, చనిపోయినవారి రాకపోకలనూ నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. డైరీలో రాసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

మాది బెల్లంపల్లి. తమ్ముడు రాజం బొగ్గుగనిలో కరెంటు పని చేసేవాడు. పాడైన టేపు రికార్డరు ఒకటి సంపాదించి బాగుచేశాడు. కాగజ్‌నగర్ కాగితం మిల్లు రోలర్ల చప్పుడు, గనిలోని పంపుల రొద, పాత రేడియో బల్బులతో తాను పుట్టించిన కూతలు అందులోకి ఎక్కించాడు. టేపును బ్లేడుతో కోసి, అతికించి, పదకొండు నిమిషాల నలభై సెకన్ల సంగీతం తయారుచేశాడు.

"పాటంటే నోటితోని పాడేదిరా. గీ గిర్నీ మోతేంది?" అనేది అవ్వ, మా తల్లి.

"జర ఇను అవ్వా. నేను దినాం ఇనేది గిదే," అనేవాడు.

గనిలోంచి మనుషులను పైకి తెచ్చే ముందు మూడుసార్లు గంట కొడతారు. అది మా ఇంటికి వినిపించేది. వినగానే అవ్వ రాజం స్నానానికి నీళ్లు కాచేది. ఆ గంటను కూడా టేపులో చేర్చమని ఒకసారి అన్నాను.

"వద్దు, అన్నా. మనుషుల గంట ఉత్తగ కొట్టద్దు. మీద ఎవరో ఒకరు నీళ్లు వెట్టుకొని సూస్తుంటరు."

ఆ ఏడాది ఆగస్టు 9న గనిలోకి నీళ్లు ముంచుకొచ్చాయి. రాజం పైకి రాలేదు. శవమూ దొరకలేదు. గని మూసేశారు.

అవ్వ ఏడవలేదు. కర్మకాండకూ ఒప్పుకోలేదు. "పోరడు మీదికి రానిదే దినాలు ఎట్ల చేస్తవురా?" అంది.

నూరు రోజులు నిండిన ఆ ఆదివారం ఆమే టేపు పెట్టమంది. ఏడో నిమిషంలో రోలర్ల చప్పుడు సన్నగిల్లింది. ఆ సందులో మూడుసార్లు గంట మోగింది. నేను విన్నాను. అవ్వ అప్పటికే లేచి పొయ్యి వెలిగిస్తోంది.

గని దగ్గరికి పరుగెత్తాను. గేటుకు తాళం ఉంది. గంటను సెప్టెంబరులోనే విప్పి తీసుకుపోయారని కాపలాదారు చెప్పాడు.

తిరిగి వచ్చేసరికి అవ్వ వేడినీళ్ల గుండిగ పక్కన తువ్వాలు పెట్టుకొని కూర్చుంది. నీళ్లు పూర్తిగా చల్లారేదాకా కదలలేదు. తరువాత వేలు ముంచి చూసింది.

"మీదికచ్చిండు, పెద్దోడా. ఇగ దినాలు చెయ్యి," అని అప్పుడు ఏడ్చింది.

ఈ అయిదేళ్లలో ఆ టేపును నలభై ఒక్కసార్లు విన్నాను. ఆ మోత మళ్లీ వినిపించలేదు. ఇద్దరం ఒకేసారి ఎలా విన్నామో నాకు ఈనాటికీ తెలియదు.

పోయినవాడు: తమ్ముడు, వయసు ఇరవై ఆరు. మిగిలినవి: రికార్డరు ఒకటి, తువ్వాలు ఒకటి, టేపు పదకొండు నిమిషాల నలభై సెకన్లు. అందులో గంట లేదు.