లేచిన వేళ ఎనిమిది, పరేడ్‌కు హాజరు

నా డైరీలో ప్రతి పేజీకి పైన నాలుగు గళ్ళు ఉంటాయి. లేచిన వేళ, తిన్నది, చేసిన పని, కలిసిన మనుషులు. కింద మిగిలిన జాగాలో ఆ రోజు సంగతులు. డిగ్రీలో చేరిన ఏడాది స్కేలు పెట్టి గీసుకున్న గళ్ళు అవి. తర్వాత భూగర్భ జలాల శాఖలో ఉద్యోగం వచ్చింది. ఊరూరా తిరిగి, బావుల్లోకి టేపు దింపి, నీటి మట్టం ఎంత ఉందో రాసుకోవడమే పని. దాంతో గళ్ళు నింపే అలవాటు ఇంకా ముదిరింది. నాకిప్పుడు డెబ్బై ఎనిమిదేళ్ళు. ఇన్నేళ్ళలో ఏ గడీ ఖాళీగా వదల్లేదు.

మా ఇల్లు తార్నాకలో. పొద్దున ఐదున్నరకల్లా యూనివర్సిటీ లోపల నడక మొదలుపెడతాను. గోల్నాక నుంచి నా స్నేహితుడు స్కూటర్ మీద వస్తాడు. ఇద్దరం ఈ ఆవరణలోనే డిగ్రీ చదివాం. అతను ఆ తర్వాత సైన్యంలో చేరి, పదిహేడేళ్ళు చేసి, హవల్దారుగా తిరిగొచ్చాడు. నడక అయ్యాక గ్రౌండ్ పక్క మెట్ల మీద కూర్చుంటాం. ఈ మధ్య మా వాదన ఒక్కటే. పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రతి ఒక్కరూ ఏడాదిపాటు సైన్యంలో పనిచేయాలన్న నియమం ఉండాలా, వద్దా. తుపాకీ పట్టి కాపలా కాసినవాడు వద్దంటాడు. బావుల్లో టేపు దింపినవాణ్ణి నేను కావాలంటాను.

"మంత్రి కొడుకు, రైతు కొడుకు ఒక్క లైన్ల నిలబడితే తప్పేంది?" అంటాను నేను. "టీవీల కూసోని యుద్ధం, యుద్ధం అని ఒర్రెటోళ్ళ పిల్లలు గూడ బార్డర్‌ల ఉంటే ఆ గొంతులు తగ్గుతయి గద."

"నిలబడితే మంచిదే. నిలబడరు. నువ్వు తప్పనిసరి అన్నవనుకో, తప్పించుకునెటోడు ఎట్లనన్న తప్పించుకుంటడు. పేదోడు రెండు పరేడ్లు చేస్తడు."

"మనం చెయ్యలేదా మరి? పొద్దుగాల ఆరింటికి ఇదే గ్రౌండ్ల?"

"నీ టేపు బావులకే పనికొస్తది, బావుల సాబ్. మనుషులల్లకు దింపకు" అని లేచేవాడు.

నేనన్నది ఉట్టి మాట కాదు. చైనాతో యుద్ధం అయ్యాక కొన్నేళ్ళు డిగ్రీ విద్యార్థులకు సైనిక శిక్షణ తప్పనిసరి చేశారు. మేమిద్దరం ఆ బ్యాచ్ వాళ్ళమే. ఆ పరేడే నన్ను మనిషిని చేసిందని పెళ్ళిళ్ళలో, రిటైర్మెంట్ సభల్లో చెప్పుకుంటూ వచ్చాను. 'రెండు పరేడ్లు' అనే అతని మాట వాదన కోసం అంటున్నదే అనుకునేవాణ్ణి.

ఒకరోజు మా వాదన విని ఒక అమ్మాయి ఆగింది. ఇక్కడే రాజనీతి శాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తోంది. మాణికేశ్వర్ నగర్‌లో గది తీసుకుని ఉంటోంది. తప్పనిసరి సైనిక సేవ గురించి జనం ఏమనుకుంటున్నారన్నదే ఆమె పరిశోధన. వయసులో ఉండగా అలాంటి శిక్షణ నిజంగా పొందినవాళ్ళు దొరకడం లేదట.

"నాకేం యాది లేదు బిడ్డా, ఈయననడుగు. తుమ్మినా దగ్గినా రాసుకుంటడు" అన్నాడు నా స్నేహితుడు.

ఆమె మా ఇంటికి వచ్చి రెండు గంటలు నా మాటలు విన్నది. వాటిని నాలుగు పేజీలు టైపు చేసి శనివారం తీసుకొచ్చింది. అందులో ఒకచోట ఇలా ఉంది: 'రెండేళ్ళ తప్పనిసరి శిక్షణ వల్లే నాకు వేళకు లేవడం, చెప్పిన వేళకు ఉండడం, ఉన్నది ఉన్నట్టు రాయడం వచ్చాయి. నా అనుభవంతో చెబుతున్నాను, ఇది అందరికీ ఉండాలి.' చదువుకుని సంతోషపడ్డాను. సోమవారం ఆమె ఆ అధ్యాయాన్ని గైడుకు ఇవ్వాలి. దానికి నా సంతకం కావాలి. ఆ శిక్షణ నాటి డైరీలో ఒక పేజీ ఫోటో కూడా కావాలి.

బీరువా పై అరలోంచి డైరీ తీసి ఇచ్చాను. నాలుగైదు పేజీలు తిప్పింది. మళ్ళీ వెనక్కి తిప్పింది.

"సార్, పరేడ్ ఎన్నింటికి ఉంటుండె?"

"ఆరింటికి. ఒక్క నిమిషం లేటైనా గ్రౌండ్ చుట్టు ఉరికిస్తుండిరి."

"మరి గీ రోజు లేచిన వేళ ఎనిమిది పది అని ఉన్నది సార్. చేసిన పని కాడ 'పరేడ్, హాజరు' అని ఉన్నది."

కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. నా చేతిరాతే. తర్వాతి పరేడ్ రోజు ఏడు యాభై, హాజరు. ఆ తర్వాత ఎనిమిది, హాజరు.

మా ఆవిడ చాయ్ తెచ్చి, సంగతి విని నవ్వింది. "పెండ్లైన కొత్తల గూడ ఎనిమిదిగ్గాని లేవకపోతుండె బిడ్డా. బావుల కాడికి ఎండ ముదరకముందే పోవాలె గద, గట్ల అలవాటైంది."

అమ్మాయి కూడా నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది. "గా పేజీ వద్దులే సార్. వేరేది ఫోటో తీసుకుంట. సంతకం ఒక్కటి చేయుండ్రి, సాలు" అంది. ఆ అమ్మాయి మంచితనమే అది. పెన్ను చేతిలోకి తీసుకున్నాను కూడా. కానీ మూత పెట్టేశాను.

"రేపు మధ్యాహ్నం రా బిడ్డా. రేపు చేస్త" అన్నాను.

ఆమె వెళ్ళాక ఆ రెండేళ్ళ డైరీలూ ముందేసుకుని పెన్సిలుతో లెక్క వేశాను. రెండేళ్ళలో హాజరు అని రాసుకున్నవి తొంభై రెండు. అందులో ఆరుకు ముందు లేచినవి తొమ్మిది.

అప్పుడు గుర్తొచ్చింది. పరేడ్‌లో పేర్లు పిలిచేవాళ్ళు కాదు, నంబర్లు పిలిచేవాళ్ళు. నాది ముప్పై నాలుగు, నా స్నేహితుడిది ముప్పై ఐదు. అతను హాస్టల్లో ఉండేవాడు. మా నాన్న నాకు తార్నాకలో గది కిరాయికి తీసిచ్చాడు. క్లాసులో కలిసినప్పుడు "నీ హాజరు గూడ పడ్డది" అని అతను చెప్పేవాడు, నేను డైరీలో రాసుకునేవాణ్ణి. రిజిస్టర్‌లో ఉన్నదే రాస్తున్నాను, అబద్ధమేం కాదు అనుకుని ఉంటాను. బూట్ల పాలిష్ వాసన, చలిలో తుపాకీ ఇనుము అరచేతికి తగలడం నాకు నిజంగానే గుర్తున్నాయి. అవి ఆ తొమ్మిది రోజులవే అయి ఉంటాయి.

మర్నాడు పొద్దున గ్రౌండ్ మలుపులో "ముప్పై నాలుగు" అన్నాను.

అతను నడక ఆపి నా వైపు చూశాడు. "ఇన్నేండ్లకు లేచినవా?" అన్నాడు.

"ఎందుకు చెప్పలే రా? పరేడే నన్ను మనిషిని చేసిందని నీ ముందట్నే అంటుంటి గద."

"చెప్తే పూరీల ముచ్చట గూడ చెప్పాలె."

పరేడ్ అయ్యాక నంబరుకు ఒక ప్లేటు చొప్పున నాలుగు పూరీలు, ఆలుగడ్డ కూర పెట్టేవాళ్ళు. అది నాకు తెలుసు.

"హాస్టల్ల పొద్దుగాల ఏం పెట్టకపోతుండిరి. నీ నంబర్ పలికితే నీ ప్లేటు నాది. గొంతు మార్చి పలుకుతుంటి. నువ్వు నిద్రకు ఎగ్గొట్టినవ్, నేను ఆకలికి నిలబడ్డ. గిది ఎవలకు చెప్పుకుంటరు రా?"

మెట్ల దాకా నడిచాం. అతను రోజూ అంటున్న 'రెండు పరేడ్లు' మా ఇద్దరి సంగతేనని అప్పుడు తెలిసింది.

"ఫౌజుల చేరింది గూడ గందుకేనా?" అని అడిగాను.

"కాదు. అది ఇష్టంతోని పోయిన. పక్కనున్నోడు ఇష్టంతోని వచ్చిండా, ఎవలన్న నూకితే వచ్చిండా, డ్యూటీల ఒక్క గంటల తెలుస్తది. గందుకే వద్దంట."

"ఆ పిల్లకు చెప్పాలె. పూరీల సంగతి గూడ చెప్పొచ్చా?"

అతను స్కూటర్ తాళం చేతిలో తిప్పుతూ ఆలోచించాడు. "నాలుగని చెప్పు. ఎనిమిదంటే తిండిపోతు అనుకుంటది."

మధ్యాహ్నం అమ్మాయి వచ్చేసరికి టైపు కాగితంలో 'రెండేళ్ళ తప్పనిసరి శిక్షణ వల్లే' అన్న వాక్యం కొట్టేసి, మొత్తం సంగతి వెనక పేజీలో రాసిపెట్టాను. నిలబడే చదివింది. చదివి కుర్చీలో కూర్చుంది.

"అనుభవంతోని కావాలన్నోళ్ళు మీరొక్కలే దొరికిండ్రు సార్. ఇప్పుడు మిమ్ముల ఏ దిక్కు రాయాలె?"

"అందరు ఒక్క లైన్ల నిలబడాలన్నది ఇప్పటికీ నా మాటే. గని నా అసొంటోడు పండుకుంటే ఇంకొకడు నిలబడకుండ ఎట్ల ఆపాలెనో నాకు తెల్వది. రెండూ రాయి."

ఆమె రాసుకుంది. గైడు ఏమంటాడో అని భయంగా ఉందని దాచకుండా చెప్పింది. తర్వాత ఫారం నా ముందు పెట్టింది. 'శిక్షణ పొందిన కాలం' అన్నచోట ఆమె ముందే నింపిన 'రెండేళ్ళు' కొట్టేసి, 'తొమ్మిది రోజులు' అని రాసి సంతకం చేశాను.

"మిగిలిన రోజులు సార్?"

"ఇంకో ఫారం ఉన్నదా బిడ్డా?"

ఉన్నదంది. చెప్పులు వేసుకున్నాను. ఇద్దరం నా స్నేహితుడి ఇంటికి, గోల్నాకకు, ఆటో మాట్లాడుకున్నాం.