డివైడరు మొక్కల జాబితా

మున్సిపాలిటీ బండ్ల షెడ్డులో అందరూ ఆయన్ని మూగ ట్యాంకరు అంటారు. మూగవాడేం కాదు, నోరు లక్షణంగా ఉంది. వాడడు, అంతే. ఇరవై మూడేళ్లుగా నీళ్ల ట్యాంకరు నడుపుతున్నాడు. పొద్దున్నే ట్యాంకు నింపుకుని, ఆరు కిలోమీటర్ల రోడ్డు పొడవునా డివైడరు పక్కన బండి ఆపుకుంటూ, మోటారు వేసి, దిగి, పైపు పట్టుకుని మొక్కలకి నీళ్లు పోస్తాడు. వెనక కార్లవాళ్లు హారన్లు మోగిస్తారు, తిట్టుకుంటూ పక్కనుంచి పోతారు. ఆయనకేమీ పట్టదు. భార్య పోయిన ఈ ఏడేళ్లలో ఆయనకి పట్టిందంటూ ఏదీ లేదు. జోరున వాన కురుస్తున్న రోజున కూడా నీళ్లు పోసిన మహానుభావుడు! ఎందుకయ్యా అంటే, "డ్యూటీ కాగితంలో ఉంది" అన్నాడు.

అలాంటి మనిషిని కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మ పిలిచి కుర్చీ వేసి మరీ కూర్చోబెట్టింది. ఊరికి తాగునీళ్లే చాలడం లేదట, రోడ్డు మొక్కల కోసం ఇక ట్యాంకర్లు నడపడం కుదరదట.

"నీళ్లు లేకపోయినా బతికే మొక్కలేవో మీకు తెలిసినట్టు నాకు తెలీదండీ. పుస్తకంలో ఉన్నవి ఈ పొగలో, ఈ దుమ్ములో బతకాలని ఏముంది? మీరే ఓ జాబితా ఇవ్వండి. మొక్క పేరు, నీళ్లు లేకుండా ఎన్నాళ్లు ఆగింది, అది మీకెలా తెలుసు. ఈ మూడూ రాస్తే చాలు. మీ మాట మీదే కొత్తవి వేయిస్తాను."

"సరేనమ్మా" అన్నాడు.

వాల్వు దగ్గర ట్యాంకులు నింపే ఆయన ఈయన్ని బావా అంటాడు. చుట్టరికం గిట్టరికం ఏమీ లేదు, ఊరికే నోటి చనువు. సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు.

"సరేనన్నావా? నీకేమన్నా మతి పోయిందా బావా? ఆ మొక్కలొచ్చాక నీ బండెందుకు, నువ్వెందుకు? పింఛనుకి ఇంకా రెండేళ్లుంది నీకు. అన్నీ తాగుబోతు మొక్కలే రాసి పడెయ్. పూటకో బిందె లాగించేవి!"

ఈయన నవ్వలేదు. ఉద్యోగం మధ్యలో పోతే పింఛను కూడా గల్లంతేనని ఎరుగును. భయం వేస్తుందేమోనని చూసుకున్నాడు. వేయలేదు.

రాయాలంటే మాత్రం చిక్కొచ్చింది. ఆయన రాత కోడి కెలికినట్టు ఉంటుంది. అందుకని ఆదివారం దాకా ఆగాడు. ఆదివారం కూతురు వస్తుంది. బళ్లో టీచరు. వచ్చి దుప్పట్లు మారుస్తుంది, గ్యాసు పొయ్యి తుడుస్తుంది, మందులున్నాయో లేదో చూస్తుంది, వెళ్లిపోతుంది. అన్నీ చేస్తుంది, ముఖం మాత్రం చూడదు. తల్లి అన్నాళ్లు ఆస్పత్రిలో ఉంటే తండ్రి ఒక్క రోజు కూడా సెలవు పెట్టలేదు. ప్రాణం పోయిన రోజున కూడా డ్యూటీ పుస్తకంలో సంతకం పెట్టి వచ్చాడు. అప్పుడు ఒక్కసారే అడిగిందామె, సెలవు పెట్టావా అని. పెట్టలేదన్నాడు. "నువ్వసలు మనిషివేనా నాన్నా?" అంది. మళ్లీ ఎత్తలేదు. రోజూ తిట్టినా బాగుండేదని ఆయనకి అప్పుడప్పుడూ అనిపించేది. ఈమధ్య అదీ అనిపించడం లేదు.

వంటింటి బల్ల మీద కాగితం పరిచి, స్కేలు పెట్టి మూడు గడులు గీసింది.

"చెప్పు."

"గన్నేరు. ఎనభై ఒక్క రోజులు."

81 అని రాసింది. "తర్వాత?"

"కాగితం పూలు. ఎనభై ఒకటి. నీళ్లు మానేస్తే ఇంకా విరగపూస్తుంది, అదీ రాయి. కలబంద కూడా అంతే. చిక్కిపోయి ఎర్రబడింది గానీ చావలేదు. మందారం వద్దు. పదిహేను రోజులకే పోయింది."

"అన్నిటికీ ఎనభై ఒకటేనా? ఎక్కడి లెక్క నాన్నా ఇది?" అని నవ్వబోయి ఆగిపోయింది. ఆ అంకె ఆమెకీ తెలుసు. తల్లి ఆస్పత్రిలో ఉన్నది సరిగ్గా అన్ని రోజులే.

"ఆస్పత్రి ముందున్న డివైడరు ముక్కకి నీళ్లు పోయలేదమ్మా" అన్నాడాయన. "మోటారు వేస్తే చప్పుడవుతుంది. పైన మీ అమ్మ పడుకుని ఉంటుంది కదా."

ఒకసారి మొదలుపెట్టాక మిగతాదీ చెప్పాడు. నీళ్లన్నీ మిగతా రోడ్డుకే పోసేసి, రోజూ అక్కడ బండి ఆపి గంటసేపు నిలబడేవాడట. చూపంతా నాలుగో అంతస్తులో ఎడమ చివర కిటికీ మీదే.

"సెలవు పెట్టి రావొచ్చుగా!"

"పెట్టినా పైకి రానివ్వరుగా. సాయంత్రం డాక్టరు కిందకొచ్చి ఐదు నిమిషాలు మాట్లాడతాడు, అంతే. ఉత్తి మనిషి రోడ్డు మధ్యలో నిలబడితే గార్డు తరిమేస్తాడు. బండి ఉంటే ఎవరూ ఏమీ అనరు."

"ఏడేళ్లు నాన్నా! ఏడేళ్ల నుంచీ నీ మీద కోపం పెట్టుకుని తిరుగుతున్నాను. ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"సెలవు పెట్టావా అనడిగావు. పెట్టలేదన్నాను."

ఇదుగో, ఇలాంటి మనిషితో ఎవరు వేగుతారు చెప్పండి!

"నువ్వు కింద ఉన్నావని అమ్మకి తెలుసా?"

"తెలీదు. ఆ కిటికీ మీ అమ్మది కాదు."

అదీ మొక్కల సంగతి చెప్పినట్టే చెప్పాడు. భార్య పోయాక కాగితాల కోసం పైకెళితే తెలిసింది. అది దుప్పట్లు దాచే గది. ఆమె మంచం భవనం వెనకవైపు, కిటికీ లేని హాల్లో ఉండేది. ఆ దుప్పట్ల గదిలోంచి కిందకి చూస్తే డివైడరు కనిపించింది. మందారాలు కట్టెలైపోయి ఉన్నాయి. కాగితం పూలు మాత్రం ఎర్రగా విరగబూసి ఉన్నాయి. వాటిని చూసి ఆయనకి ఒళ్లు మండిపోయింది. వెళ్లి వేళ్లతో సహా పీకేద్దామనిపించింది. గట్టిగా ఏదైనా అనిపించడం అదే ఆఖరు.

కూతురు పెన్ను మూడో గడి మీద, ఎలా తెలుసు అన్నచోట పెట్టింది.

"ఇక్కడ అనుభవం అని రాసేస్తాను. ఆ రోజులన్నిటికీ నీళ్లు పోసినట్టు పుస్తకంలో నీ సంతకం ఉంది. ఉన్నదున్నట్టు రాశామంటే రేపే బండి లాగేసుకుంటారు. రెండేళ్లు ఓపిక పట్టు నాన్నా, నీ కాళ్లు పట్టుకుంటాను."

"పుస్తకం ప్రకారం ఆ గంట నేను నీళ్లు పోస్తున్నాను" అన్నాడాయన. "అదలాగే ఉంటే, నేను మీ అమ్మ కోసం రానట్టే కదమ్మా."

ఆమె బల్ల మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయనకి ఏడుపు రాలేదు. లేచి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఆమె మోచేతి దగ్గర పెట్టి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

కాసేపటికి ఆమె ముఖం తుడుచుకుని పెన్ను తీసుకుంది. నా భార్య పైన ఉందని ఆస్పత్రి ముందు నీళ్లు పోయలేదు అని మూడో గడిలో తండ్రి మాటగా రాసింది. తర్వాత రెండో గడికి వచ్చి, 81 అని ఉన్న ప్రతిచోటా, రేపు ఎవరూ దిద్దకుండా, పక్కనే అక్షరాల్లో కూడా రాసింది.