అక్క ల్యాప్‌టాప్‌లో వెతికిన ఫొటో

రావికమతం బడిలో పంతులమ్మగా పనిచేసిన మా అక్క పోయిన వారానికి, ఆమె ల్యాప్‌టాప్ తెరిచాను. చర్చిలో జ్ఞాపకార్థ కూడికకు పెట్టడానికి ఆమె ఫొటో కావాలి. బటన్ నొక్కితే చుక్కలు గుండ్రంగా తిరిగి, తెర నల్లబడిపోయింది. దానంతటదే మళ్లీ మొదలై, మళ్లీ ఆగిపోయింది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు, విసుగూ రాలేదు.

చివరికి చోడవరం మెయిన్ రోడ్డులోని రిపేరు షాపుకి పట్టుకెళ్లాను. షాపు నడిపే ఆవిడ అడుగు మూత విప్పి, ర్యామ్ తీసి తుడిచి పెట్టింది. మార్పు లేదు.

"డిస్కు పోతంది బాబూ. ఇది ఇంక నడవదు. లోపలున్నవి తీసి సూస్తాను. ఏటి కావాలి మీకు?"

"మా అక్క ఫొటో ఒకటి దొరికితే సాలండి."

ఆవిడ డిస్కు ఊడదీసి తన కంప్యూటరుకి తగిలించింది. ఫొటోలు చాలానే వచ్చాయి. నావి, నా పిల్లలవి, బడి పిల్లలవి. అక్క ఎక్కడా లేదు. ఎప్పుడూ తీసేది తనే కదా.

ఆఖరికి, ఏదో దరఖాస్తు కోసం స్కాన్ చేసిన పాస్‌పోర్టు ఫొటో ఒకటి కనిపించింది.

"ఈవిడేనేటి?"

"అవునండి," అన్నాను.

పెద్దది చేయిస్తే ముఖం మసకబారింది. కూడికలో అదే పెట్టాం. వచ్చినవాళ్లు ఫొటో బాగుందన్నారు. నేను తలూపి, కుర్చీలు సర్దడానికి వెళ్లాను.