అక్క పిలుపుకి ఆరు గడులు

ఈ సంగతి రాసిపెట్టాలి. లేకపోతే రేపెవరైనా కృత్తివెన్నులో మా బావ రొయ్యల చెరువు దగ్గరి అలారం డబ్బా విప్పి, లోపలి ప్రోగ్రాం చూసి, ఆ చివరి అంకె ఎందుకుందో తెలియక తల పట్టుకుంటారు. పోయిన వారం బావ ఆ డబ్బాని బందరులో మా ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఉప్పుగాలికి తీగలు చిలుమెక్కాయి. "మోగట్లేదురా. మోటారు ఆగితే ఇప్పుడు సెల్లుకే మెసేజ్ వస్తుందనుకో. అయినా బాగుచెయ్," అన్నాడు.

నేను ఈ డబ్బా చేసిన రోజుల్లో మెసేజులు లేవు. మోటారు ఆగితే చెరువులో నీళ్లు చిలికే చక్రాలు ఆగుతాయి. ఊపిరాడక రొయ్యలు పైకి తేలతాయి. అందుకని ఆ వరుస చెరువుల వాళ్లంతా ఒకే కొట్లో ఒకే రకం బజర్ కొన్నారు. అన్నిటిదీ ఒకటే 'కీ' మనే మోత. ఒక మధ్యాహ్నం మా బజర్ మోగితే, బావ "పక్కాయనదిలే" అని గుడిసెలో అటు తిరిగి పడుకున్నాడు. ఆ పంట పోయింది. "ఇంకోటి పోతే చెరువొదిలేసి చిలకలపూడిలో నగల పనికి పోతా," అనేవాడు.

బావ తనదని గుర్తుపట్టే చప్పుడేదా అని ఆలోచించాను. భోజనానికి అక్క గట్టు మీద నుంచి పిలిచే "ఏమండోయ్... రండీ!" ఒక్కటే తోచింది. నేను కాలేజీ చదువు చదవలేదు. బందరు గ్రంథాలయం నుంచి తెచ్చిన ఒక ఇంగ్లీషు పుస్తకం, పక్కన నిఘంటువు పెట్టుకుని బేసిక్ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నాను. అందులో ఎర్రే అనేది నన్ను కట్టిపడేసింది. లైబ్రరీ కార్డుల బీరువాకి సొరుగుల్లాగా, ఒకే పేరు కింద వరుసగా గడులు. ఒక ఎర్రేలో స్వరాలు, ఇంకోదాంట్లో ఒక్కో స్వరం మోగాల్సిన సేపు. భజనలు పాడే మావయ్య హార్మోనియం మీద అక్క పిలుపుని వెతికి, ఐదు గడులు నింపి, ఆ ప్రోగ్రాంని డబ్బాలోని చిప్‌కి ఎక్కించాను.

తీరా మోగిస్తే మొదటి స్వరం లేదు. చివర్లో మాత్రం భయంకరమైన కీచు.

"నేనెప్పుడలా అరిచానురా?" అంది అక్క.

"మిగతాది తెలీదు గానీ, ఆఖరి ముక్క అచ్చం నువ్వే," అన్నాడు బావ.

మళ్లీ పుస్తకం తిరగేస్తే తెలిసింది: గడుల లెక్క సున్నా నుంచి మొదలట. నేను ఒకటి నుంచి చదివించాను. ఐదో అంకె దగ్గరికొచ్చేసరికి చిప్ అడ్డు చెప్పకుండా నా గడులు దాటి, పక్కనున్న ఏదో అంకెని స్వరమనుకుని వాయించింది. సరిచేయబోతే బావ ఆపాడు. "ఆ కేక ఉంచరా, దానికే మెలకువొచ్చేది." లెక్క సున్నా నుంచి మొదలుపెట్టించి, ఆ అంకెకి ఆరో గడి కట్టాను.

తర్వాతి పంటకాలంలో ఒక మధ్యాహ్నం మోటారు ఆగింది. డబ్బా పిలిచింది. బావ "వస్తున్నానే!" అంటూ లేచి, లుంగీ సర్దుకుంటూ సగం గట్టు నడిచి, అక్కడ అక్క లేకపోవడం చూసి, అప్పుడు చెరువు వైపు తిరిగాడు. చక్రాలు కదలడం లేదు. పరుగెత్తి స్టార్టర్ నొక్కాడు. ఆ పంట దక్కింది.

మొన్న కొత్త తీగలు వేసి, అక్కా బావా వచ్చాక మోగించాను. ఈ మధ్య అక్క గట్టు దాకా రాదు, ఫోన్ చేస్తుంది. చెయ్యి గడ్డం కింద పెట్టుకుని రెండుసార్లు వింది. "అప్పుడు నా గొంతు అంత లేచేదా?" అంది. బావ డబ్బాని తువ్వాల్లో చుట్టుకున్నాడు.

గడువు దాటినా పుస్తకం అడగని లైబ్రేరియన్ గారికి, హార్మోనియం ఇచ్చిన భజన మావయ్యకి, గొంతిచ్చిన అక్కకి, విసుక్కోకుండా లేచిన బావకి నా కృతజ్ఞతలు. ఏ స్వరం ఎంతసేపు మోగాలో రెండో ఎర్రేలో నేనే రాశాను; గట్టు మీది ఆ పిలుపు ఎన్నాళ్లుంటుందో రాసుకునే గడి మాత్రం నాకెక్కడా దొరకలేదు.