టీచరమ్మ కొడితే పోని ఫారం

నేను సొంతంగా చేసిన మొదటి వెబ్‌సైట్ చిత్తూరులోని ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌ది. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయి ఉంటుంది. తిరుపతి బస్టాండుకు దగ్గర్లో, ఒక స్వీటు కొట్టు పైన, మేడ మీద మా ఆఫీసు ఉండేది. ఆఫీసంటే మా సారు, నేను, కొన్ని కంప్యూటర్లు. పొద్దున్నే కింద నుంచి నెయ్యి వాసన మొదలయ్యేది. ఆ వాసనలో కూర్చుని పని మీద మనసు పెట్టడం చాలా కష్టం.

ఇన్‌స్టిట్యూట్ నడిపే టీచరమ్మకు అప్పటికి యాభై దాటాయి. చిత్తూరు కోర్టులో టైపు కొట్టేవాళ్లలో చాలామంది తన దగ్గర నేర్చుకున్నవాళ్లేనని చెప్పుకునేది. "కోర్టు కాయితంలో అక్షరం తప్పు కనపడితే నాకు సిగ్గేస్తాదమ్మా" అనేది. జనం టైపు మిషన్లు మాని కంప్యూటర్ల వైపు పోతుంటే, ఆమె కూడా నాలుగు కంప్యూటర్లు కొని మిషన్ల పక్కనే వేసింది. ఆ తర్వాత వెబ్‌సైట్ కావాలని మా ఆఫీసుకు వచ్చింది.

సైటంటే ఒకటే పేజీ. పైన ఇన్‌స్టిట్యూట్ ఫోటో, మధ్యలో కోర్సుల వివరాలు, అడుగున ఫోన్ నంబరు రాసుకోవడానికి ఒక డబ్బా, దాని పక్కన 'పంపు' అనే బటన్. నేను పేరు, ఊరు, చదువు అని చాలా డబ్బాలు పెట్టాలనుకున్నాను. ఆమె వద్దంది.

"అన్ని అడిగితే జనం బెదురుకుంటారమ్మా. నంబర్ ఇస్తే చాలు. మిగిలిందంతా నేను మాట్లాడి కనుక్కుంటా."

ఎవరైనా నంబరు పంపితే అది ఆమె మెయిల్‌కు వెళ్లాలి, పంపినవాళ్లకు 'మీ నంబరు అందింది' అని కనపడాలి. అన్నీ సరిచూసి సైటు పెట్టేశాం. రెండోరోజే ఆమె ఫోన్ చేసింది.

"అమ్మా, ఫారం పోతా లేదు. నంబర్ కొడితే పేజీ మళ్లా అదే వస్తాది, డబ్బా ఖాళీ అయిపోతాది. మెయిల్ రాలేదు."

నేను అక్కడే కూర్చుని నా నంబరు పంపి చూశాను. చక్కగా వెళ్లింది. ఆ మాటే చెప్పాను.

"మా తమ్ముని కొడుకు బెంగళూరులో ఉండాడు. వాడు కొడితే పోయిందంటమ్మా. ఈడే పోవడంలే."

ఆ అబ్బాయి వాడేది కొత్తగా వచ్చిన బ్రౌజర్. ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నది కంప్యూటర్ కొన్నప్పుడే అందులో ఉండే పాతది. తేడా అక్కడే ఉంటుందని నాకు అర్థమైంది. కానీ ఆ పాత బ్రౌజరే మా ఆఫీసులోనూ ఉంది. అందులో తెరిచి పంపినా ఫారం వెళ్లిపోతోంది. సారు కూడా కూర్చుని పంపారు, ఆయనదీ వెళ్లింది. బ్రౌజర్ దాచుకున్న పాత పేజీలను తుడిచేయమని టీచరమ్మకు ఫోన్లో చెప్పాను. తుడిచేసింది. ఏం మారలేదు.

"కొత్త బ్రౌజర్‌లోనే తెరవండి అని పేజీ పైన ఒక లైను రాసెయ్" అన్నారు సారు.

టీచరమ్మ ఒప్పుకోలేదు. "ఊర్లో నెట్ సెంటర్లన్నిట్లో ఉండేది ఆ పాతదే కదమ్మా. నా దగ్గరికి రావాల్సినోళ్లు ఆడ కూసోనే సూస్తారు. వాళ్లకు నేనేం చెప్పేది?"

ఆమె అడిగింది న్యాయంగానే ఉంది. సైటు మొత్తాన్నీ, ఆ కొత్త బ్రౌజర్‌నూ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మర్నాడు పొద్దున్నే చిత్తూరు బస్సెక్కాను. నిజం చెప్పాలంటే ఆఫీసు పని మీద ఊరు దాటడం అదే మొదటిసారి. కిటికీ పక్కన సీటు దొరికింది. మామిడి తోటల మీదుగా గాలి కొడుతుంటే, ఇంత ముఖ్యమైన పనికి నన్ను పంపుతున్నారని నాకు నేనే గొప్పగా అనుకున్నాను.

ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కుతుండగానే రేకుల కప్పు మీద వడగళ్లు పడ్డట్టు చప్పుడు వినిపించింది. లోపల వరసగా టైపు మిషన్లు, ఒక్కోదాని ముందు ఒక్కో మనిషి. ఆ చప్పుడులో మాట వినపడాలంటే దగ్గరికి వంగాల్సిందే. టీచరమ్మ నన్ను చూసి ఎదురొచ్చి, మజ్జిగ ఇచ్చి, మూలనున్న కంప్యూటర్ దగ్గరికి తీసుకెళ్లింది.

ఆమె కూర్చుని నంబరు కొట్టింది. పేజీ ఒకసారి మెరిసి మళ్లీ అదే వచ్చింది. డబ్బా ఖాళీ.

"సూసినావా?" అంది.

నేను అదే కుర్చీలో కూర్చుని, అదే బ్రౌజర్‌లో, అదే నంబరు పంపాను. 'మీ నంబరు అందింది' అని వచ్చింది.

ఆమె మళ్లీ కూర్చుంది. పోలేదు. నేను కూర్చున్నాను. పోయింది. ఈలోపు మిషన్ల చప్పుడు ఒక్కొక్కటిగా తగ్గింది. నేర్చుకునేవాళ్లు లేచి వచ్చి మా వెనక గుమిగూడారు. కోర్టులో ఉద్యోగానికి తయారవుతున్న ఒక మీసాలాయన, "టీచరమ్మా, మీ మింద దానికేందో కోపం ఉండాది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన్నే కూర్చోమంటే ఆయనా కొట్టాడు. పోలేదు. నవ్వు ఇంకా పెద్దదైంది. ఇంకో ఇద్దరు కొట్టారు. వాళ్లవీ పోలేదు. ఆ గదిలో నా చేతి నుంచి తప్ప ఎవరి చేతి నుంచీ ఆ ఫారం కదలడం లేదు.

పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన కొత్త బ్రౌజర్ ఎక్కించాను. అందులో టీచరమ్మ కొడితే వెంటనే పోయింది. పాతదాంట్లో మళ్లీ పోలేదు.

అప్పటిదాకా నేను తెర వైపే చూస్తున్నాను. ఈసారి ఆమెను మళ్లీ కొట్టమని, ఆమె చేతుల వైపు చూశాను. చూడ్డానికి ఎంత బాగుందో చెప్పలేను. వేళ్లు తప్ప ఏమీ కదలడం లేదు. చూపు కీబోర్డు మీద లేదు. నంబరు చివరి అంకె పడగానే, కుడి చేతి చిటికెన వేలు పక్కకు చాచి ఎంటర్ మీద తట్టింది. టైపు మిషన్ మీద లైను అయిపోగానే కాయితం ఉండే క్యారేజీని పక్కకు నెట్టినంత సహజంగా. మౌస్ ఆమె పక్కనే ఉంది గానీ ఆమె దాన్ని ముట్టుకోనేలేదు.

"అమ్మా, ఈసారి ఎంటర్ కొట్టొద్దు. మౌస్‌తో బటన్ నొక్కండి."

"చెయ్యి తియ్యాల్నా?" అంది కాస్త అయిష్టంగా. నొక్కింది. పోయింది.

నేను కూర్చుని ఎంటర్ కొట్టాను. పోలేదు.

కుర్చీలోంచి లేచి నిలబడ్డానని కూడా తెలియలేదు. "దొరికింది" అన్నాను. ఏం దొరికిందో తెలియకుండానే అందరూ చప్పట్లు కొట్టారు.

టీచరమ్మకు విడమరిచి చెప్పాను. ఫారం రాగానే నా ప్రోగ్రాం మొదట అందులో 'పంపు' బటన్ పేరు ఉందా అని చూస్తుంది. ఉంటేనే నంబరు తీసుకుంటుంది. లేకపోతే ఎవరో ఊరికే పేజీ తెరిచారనుకుని ఖాళీ డబ్బా చూపిస్తుంది. మౌస్‌తో నొక్కితే ఏ బ్రౌజరైనా బటన్ పేరు కూడా పంపుతుంది. ఎంటర్ కొట్టినా కొత్త బ్రౌజర్ బటన్ నొక్కినట్టే లెక్కేసుకుంటుంది. పాతది మాత్రం, ఫారంలో ఒక్కటే డబ్బా ఉంటే, నంబరు పంపి బటన్ పేరును వదిలేస్తుంది.

"అంటే నంబర్ పోతానే ఉండాది. నువ్వే వాకిట్లో నిలబెట్టి ఎనక్కి పంపిస్తా ఉండావు" అంది ఆమె.

"అవునమ్మా."

"అట్లయితే రానీ. నంబర్ తెచ్చినోళ్లను రానీ."

చేయాల్సింది అదే. బటన్ పేరు కోసం చూడ్డం తీసేసి, నంబరు ఉందా లేదా అని మాత్రం చూసేలా ఒక్క లైను మార్చి సైటులో పెట్టాను. టీచరమ్మ కూర్చుంది. నంబరు కొట్టి చిటికెన వేలితో తట్టింది. 'మీ నంబరు అందింది' అని వచ్చింది. ఆ తర్వాత ప్రతి ఒక్కరూ వరసలో వచ్చి ఎంటర్ కొట్టి వెళ్లారు. మెయిల్ పెట్టె వాళ్ల నంబర్లతో నిండిపోయింది.

సారుకు ఫోన్ చేశాను.

"ఏందమ్మా అది?" అన్నారు.

"ఎంటర్ సార్. ఎంటర్ కొడితే పోవడం లేదు."

సారు గట్టిగా నవ్వారు. "మనిద్దరం ఒక్కసారి కూడా ఎంటర్ కొట్టలేదే" అన్నారు.

మధ్యాహ్నం టీచరమ్మ నన్ను తినకుండా పంపలేదు. ఇంటి నుంచి వచ్చిన సంగటి, పప్పు, చెనక్కాయలు నూరి చేసిన ఊరిబిండి పచ్చడి నాకూ పెట్టింది. తిని చేయి కడుక్కోగానే ఒక మిషన్ ముందు కూర్చోబెట్టింది.

"ఇంత పని చేసేదానివి రెండు వేళ్లతో పొడస్తా ఉండావు. నేను సూస్తా ఉండలేను. ఎడమ చెయ్యి ఈడ పెట్టు."

ఆ రోజు నుంచి శనివారాలు మధ్యాహ్నం చిత్తూరు వెళ్లి టైపు నేర్చుకున్నాను. మొదట్లో చిటికెన వేళ్లు తెగ నొప్పి పెట్టేవి.

కొన్నాళ్లకు నేను వెళ్లేసరికి నా పక్క మిషన్ ముందు ఒక కొత్తామె కూర్చుని ఉంది. నాకన్నా కాస్త చిన్నది. మెడలో కొత్త పసుపుతాడు. టీచరమ్మ నా చెవి దగ్గరికి వంగి, "ఐరాల నుంచి వచ్చిండాది. నెట్ సెంటర్లో కూసోని నీ డబ్బాలో నంబర్ ఏసిందంట. నేను ఫోన్ చేస్తే ఆ రోజే బస్సెక్కి వచ్చేసింది" అంది. నేను ఆమె వైపు తిరిగి, పంపేటప్పుడు బటన్ నొక్కావా, ఎంటర్ కొట్టావా అని అడిగాను. ఆమె నన్ను వింతగా చూసి, "ఎంటరే కొట్టినానక్కా, ఏం?" అంది. నాకు నవ్వాగలేదు.

టైపులో మొదటి మెట్టయిన లోయర్ పరీక్ష ఇద్దరం కలిసే రాశాం. హాల్లో ఆమె నా ముందు వరసలో కూర్చుంది. ఆమెకు ఫస్ట్ క్లాసు వచ్చింది, నేను ఏదో గట్టెక్కాను. పరీక్ష రాసిన రోజు బయటికొచ్చాక బస్టాండు దాకా ఇద్దరం కలిసి నడిచాం.

"చేతులు ఇంకా కొడతానే ఉండాయి సూడక్కా" అంది ఆమె, వేళ్లు గాల్లో ఆడిస్తూ.

నేను చూసుకుంటే, నా వేళ్లు కూడా చున్నీ అంచు మీద ఏదో కొడుతూనే ఉన్నాయి.