మా అత్త ఎత్తిన చెయ్యి

అప్పట్లో మా గదిలో చదువుకునేవాళ్ళం ఇద్దరం, పాసయ్యేది ఒక్కరే. ఆ ఒక్కరు మా ఆవిడ. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు మాత్రం నవ్వడమనేది పరీక్ష పాసైనవాళ్ళకే చెల్లుతుందని నాకు గట్టి నమ్మకం ఉండేది. కర్నూలు బుధవారపేటలో ఒక సందు చివర రేకుల కప్పు గది మాది. ఎండాకాలంలో లోపల కూర్చుంటే బయటికి పోదామనిపించేది, బయటికి పోతే ఏంటికి వచ్చినామా అనిపించేది. ఆమెది నర్సింగు మూడో సంవత్సరం, నాది ఫిజియోథెరపీ ఆఖరి సంవత్సరం. (ఆఖరి సంవత్సరం అంటే ఒక్క సంవత్సరమే అనుకునేరు. నాకది రెండో ఏడు నడుస్తా ఉండింది.)

చదువు మధ్యలో పెళ్ళేమిటని మీరు అడగొచ్చు. మేమూ అదే అడిగాం, ఎవరూ వినలేదు. మాది రాయచోటి, వాళ్ళది బద్వేలు దగ్గర పల్లె. రెండూ చర్చి కుటుంబాలే. "ఇద్దరివీ ఆస్పత్రి చదువులే కదా, ఒకరికొకరు సాయంగా ఉంటారు" అని పెద్దలు ఒక్క సాయంత్రంలో తేల్చేశారు. ఆ సాయం ఎట్లుండేదంటే, ఆమెకు కట్లు కట్టడం పరీక్ష ఉన్నప్పుడు నేను తలకూ దవడకూ గుడ్డ చుట్టించుకొని అన్నం తినలేక కూర్చునేవాణ్ణి. నాకు కీళ్ళ కోణాలు కొలిచే పరీక్ష ఉన్నప్పుడు, రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు నిద్రపోతున్న ఆమె మోకాలు మెల్లగా వంచి స్కేలు పెట్టేవాణ్ణి. ఆమె నిద్రలోనే ఒక తన్ను తన్నేది. ఆ తన్ను ఎన్ని డిగ్రీలో రాసుకునేవాణ్ణి. వార్డులో ఎదురుపడితే ఇంకో తిప్పలు. అందరూ ఆమెను సిస్టర్ అంటారు, నేనూ అనాల్సిందే. తాళి కట్టి ఏడాది తిరక్కుండానే భార్యను పదిమందిలో సిస్టర్ అని పిలిచిన మొగుణ్ణి నేను.

ఫెయిలైంది ప్రాక్టికల్సులోనే, రెండుసార్లూ. మొదటిసారి ఎగ్జామినర్ "పేషెంటు పేరేమిటి?" అనడిగితే నా పేరు చెప్పాను. రెండోసారి ఆ తప్పు జరగకుండా చాలా జాగ్రత్తపడి, పేరు సరిగ్గానే చెప్పి, కుడి మోకాలు నొప్పని వచ్చిన పెద్దాయనకు ఎడమ మోకాలికి ఎక్సర్‌సైజులన్నీ చేయించాను. పాపం ఆయన అడ్డు చెప్పలేదు, చదువుకున్నోడు కదా అనుకున్నాడేమో. మూడోసారికి వచ్చేసరికి మా నాయన ఫోన్లో మాట్లాడ్డం తగ్గించేశాడు. మంగంపేట గనుల్లో లారీలు తూకం వేసే కాటా దగ్గర తెలిసినాయన ఒకాయన ఉన్నాడని, ఈసారి గానీ తప్పితే అక్కడ చేర్పిస్తానని మా అమ్మతో చెప్పించాడు. మా ఆవిడకు అప్పటికే కడపలో ఉద్యోగం దాదాపు ఖాయం. "నువ్వు రాళ్ళకాడ, నేను రోగులకాడ. ఇంక మనం కలిసేది యాడయ్యా?" అంది ఒకరోజు బట్టలు మడతపెడుతూ. కోపంగా అనుంటే బాగుండేది. మామూలుగా అంది. ఆ మామూలుతనానికే నాకు రెండు రోజులు ముద్ద దిగలేదు.

పరీక్ష నాటి పొద్దున మా అత్త బస్సు దిగింది. సంచిలో చెనిక్కాయలు, కొర్రబియ్యం, గోంగూర ఊరగాయ. మా అత్త గురించి ఒక మాట చెప్పాలి. కూలికి పోయి ఇద్దరు బిడ్డల్ని చదివించిన మనిషి. నేనంటే ప్రాణం, కానీ ఆ ప్రాణాన్ని నాకెప్పుడూ నేరుగా చెప్పలేదు. అల్లుడి ఎదురుగా కుర్చీలో కూర్చోదు, అల్లుడితో మాట్లాడదు. నాకేదన్నా చెప్పాలంటే పక్కన కూతురుండాలి. "ఏమ్మే, అల్లుడు శానా చిక్కిపోయినాడు, అన్నం తినమని చెప్పు" అంటుంది, నేను రెండడుగుల దూరంలోనే ఉంటాను. ఆ ఏడు ఆమెకు కుడి భుజం పట్టేసింది. చెయ్యి అడ్డంగా చాచినంత ఎత్తుకు కూడా లేచేది కాదు, వెనక్కి తిరిగేది కాదు. కూతురికి చూపించుకుందామని కూడా వచ్చింది.

ఇక్కడ నా అదృష్టం చూడండి. పరీక్షలో నాకు కేటాయించిన పేషెంటు టిఫినుకని బయటికి పోయి మళ్ళీ కనిపించలేదు. మా డిపార్ట్‌మెంటు మేడం గడియారం చూసి, నన్ను చూసి, నిట్టూర్చి, "పదకొండులోపల ఎవరినన్నా తీసుకొస్తావా, లేదంటే ఆబ్సెంటు వేసేదా?" అన్నారు. నేను మా ఆవిడకు ఫోన్ చేశాను. పేషెంటు మాయమైన సంగతి చెప్పాను. ఆమె రెండు క్షణాలు ఆలోచించి, "మా అమ్మ భుజం ఉండాది కదా" అంది.

మేడం ఒప్పుకున్నారు. "అత్తయితేనేమి, భుజం భుజమే. కానీ ఎగ్జామినర్ ముందర అత్తా గిత్తా అన్నావంటే మర్యాదుండదు" అని నాకు చెప్పి పంపారు. వరండాలో మా ఆవిడ వాళ్ళమ్మకు పాఠం చెప్పింది. "సారు ఏమడిగితే అదే చెప్పల్ల. అల్లుడని చెప్పొద్దు." మా అత్త మొహం చిన్నబోయింది. "అబద్ధం చెప్పమంటావా? ప్రభువు ఒప్పుతాడా?" "అబద్ధం చెప్పొద్దులేమ్మా, ఊరికే ఉండు చాలు." ఆమె కాసేపు ఆలోచించి, నాకు వినబడేట్టు కూతుర్ని అడిగింది, "పాసవుతాడా ఈసారన్నా?" "నీ చేతిలోనే ఉండాదమ్మా" అంది మా ఆవిడ. ఏదో ధైర్యం చెబుదామని అన్న మాట. మా అత్త దాన్ని ఉన్నదున్నట్టు తీసుకుందని మాకెవరికీ తెలియలేదు.

లోపల మంచం మీద కూర్చోబెట్టాను. నేను నిలబడి ఉన్నానని ఆమె దిగి నిలబడింది. మళ్ళీ కూర్చోమన్నాను. ఇట్లా నాలుగుసార్లు. నొప్పి ఎప్పట్నుంచి అనడిగితే తలమీద కొంగు లాక్కొని గోడతో చెప్పింది, "ఉగాదికాడ్నుంచి." బరువులెత్తుతావా అంటే గోడకే, "ఎత్తకుంటే ఎట్ల జరుగుతాది?" చూసి పరీక్షించాలి, తాకి పరీక్షించాలి. నా చెయ్యి ఆమె భుజం దాకా పోయి గాల్లో ఆగిపోయింది. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. నేనూ సగం మూసుకున్నాను. ఎట్లనో కోణాలు కొలిచాను. చెయ్యి పక్కకు ఎత్తేది డెబ్భై ఐదు డిగ్రీలు. బయటికి తిప్పేది దాదాపు లేదు. జన్మలో మొదటిసారి నా కొలతలన్నీ పుస్తకంలో ఉన్నట్టే వచ్చాయి. పాసైపోయానని నాకు ఆ నిమిషంలో తెలిసిపోయింది.

ఎగ్జామినర్ బయటి ఊరాయన. మెత్తగా మాట్లాడే మనిషి, అదే నాకు భయం. నేను చదువుతుంటే తలూపుతూ విన్నాడు. "ఫ్రోజెన్ షోల్డర్ సార్, అంటే కీలు బిగుసుకుపోయింది, డెబ్భై ఐదు దాటి లేవదు" అని ముగించాను. "బాగుంది" అన్నాడాయన. ఆ మాట నా చదువులో నేను విన్న మొదటి 'బాగుంది'. తర్వాత మా అత్త వైపు తిరిగి, "ఏమ్మా, ఈ అబ్బాయి బాగా చూశాడా? చెయ్యి ఎంతవరకు లేస్తుందో ఒకసారి ఎత్తు చూద్దాం" అన్నాడు.

మా అత్త ఆయన్ను చూసింది. నన్ను ఒక్క క్షణం నేరుగా చూసింది (పెళ్ళయ్యాక అదే మొదటిసారి). పళ్ళు బిగించి, నడుము ఎడమవైపుకు వంచేసి, భుజమంతా చెవి దాకా ఎగరేసి, ఆ చెయ్యి ఎత్తింది. ఎత్తుతూనే పోయింది. వేళ్ళు నెత్తి దాటాయి. "ఇదో సార్" అంది గట్టిగా, "ఈ సారు చెయ్యి పెట్టినాడు, తగ్గిపోయింది. శానా మంచి సారు." కళ్ళ నుంచి నీళ్ళు బొటబొటా కారుతున్నాయి. మొహం మాత్రం నవ్వుతోంది.

మేడం నుదురు పట్టుకున్నారు. ఎగ్జామినర్ నా కాగితం చూశాడు, ఆ చెయ్యి చూశాడు. ఆయన చాలా మంచివాడని ఇప్పుడు అర్థమవుతుంది. నన్ను నిలబెట్టడానికి ఆఖరి తాడు విసిరాడు. "బాబూ, సరిగ్గా చూడు. ఆమె చేసిన ఈ కదలికను ఏమంటారు?"

నాకు తెలుసు. నా మొత్తం చదువులో నాకు నిక్కచ్చిగా తెలిసిన జవాబుల్లో అదొకటి. కీలు కదలనప్పుడు రోగి నడుము వంచి, భుజం ఎగరేసి చెయ్యి లేచినట్టు చూపిస్తే దాన్ని ట్రిక్ మూవ్‌మెంట్ అంటారు. దొంగ కదలిక. "సార్, ఆమె మోసం చేస్తోంది, చెయ్యి లేవలేదు, నడుము వంచింది" అంటే చాలు. నోరు తెరిచాను. ఆమె ఇంకా చెయ్యి దించలేదు. నేను చూస్తున్నంతసేపూ దించేట్టు లేదు. మంటలో చెయ్యి పెట్టినట్టు వణుకుతోంది ఆ చెయ్యి. పొద్దున వరండాలో అబద్ధం ఆడనన్న మనిషి.

"తగ్గినట్టుంది సార్" అన్నాను.

బయటికి రాగానే మా ఆవిడ పరిగెత్తుకొచ్చింది. మా అత్త నాకంటే ముందే చెప్పేసింది, "ఏమ్మే, భయపడాకు. సారు ఏమడిగినా అల్లుడు టకటకా చెప్పినాడు. నేను గూడా నా చేతనైంది చేసినా." చెయ్యి ఏం చేసిందో మాత్రం చెప్పలేదు. ఆ చేతికి పదిహేను రోజులు ఐసు ముక్కలు పెట్టాల్సి వచ్చింది. "పరీక్షలో మా అమ్మను ఏం చేసినావు?" అని మా ఆవిడ నన్ను ఉతికి ఆరేసింది. ఏం చెప్పమంటారు? "కొంచెం గట్టిగా తిప్పినా" అన్నాను.

ఫలితాలు ఫోన్లోనే చూసుకున్నాం. మా ఆవిడది ఫస్ట్ క్లాసు. నాది మూడో తప్పు. ఆమె తన సంతోషాన్ని దాచుకోను ఎంత కష్టపడిందో చూసి నాకు ఇంకా ఏడుపొచ్చింది. ఊరికి ఫోన్ చేస్తే మా అత్త నమ్మలేదు. స్పీకర్లో ఆమె గొంతు గదంతా మోగింది. "చెయ్యి ఎత్తి చూపిచ్చినా కదమ్మే! ఇంకా ఏం కావాలంట ఆ నాయనకు?"

మా ఆవిడ నావైపు తిరిగింది. "చెయ్యి ఎత్తిందా?" అంది మెల్లగా. ఇంక దాచలేక మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నా. ఆమె మంచం మీద కూర్చుంది. తర్వాత, "జవాబు తెలిసీ చెప్పలేదా?" అంది. "ఎట్ల చెప్పేది?" అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకిప్పటికీ తెలీదు. "మా అమ్మకు మాత్రం చెప్పాకు" అంది.

తర్వాతి ఆదివారం వాళ్ళ పల్లెకు పోయాం. మా ఆవిడను కడపలో ఉద్యోగంలో చేర్చి, నేను మంగంపేట పోవాలని తేలిపోయిన ఆదివారం అది. చర్చిలో సాక్ష్యాలు చెప్పే, అంటే ప్రభువు చేసిన మేలు లేచి అందరికీ చెప్పే సమయమొచ్చింది. మా అత్త లేచి నిలబడింది. బైబిలు ఎడమ చేత్తో పట్టుకుంది, కుడి చెయ్యి లేవక. "ప్రభువు మా అల్లుని చేతికి వరమిచ్చినాడు. పరీక్ష గదిలో ముట్టుకుంటే నా చెయ్యి లేచింది. ఆ పెద్ద సారు ఓర్వలేక ఫెయిల్ చేసినాడు" అని అందరి ముందర చెప్పింది. ఆమెన్ అన్నారు జనం. నేను చాపమీద ఇంకా చిన్నగా ముడుచుకుపోయే దారి వెతుకుతున్నాను. మూడుసార్లు తప్పినవాడికి అంతకు మించిన శిక్ష ఇంకోటి ఉండదు.

ఆరాధన అయిపోయి బయటికొస్తే ఆడవాళ్ళు వరుసగా నిలబడి ఉన్నారు. నడుములు, మోకాళ్ళు, మెడలు. ముందర నిలబడిన అవ్వ అడిగింది, "నువ్వు డాక్టరువా నాయనా?"

"కాదవ్వా. ఫెయిలైనోణ్ణి" అన్నాను. కనీసం ఒక్కరికన్నా నిజం చెప్పిన తృప్తి మిగలనీ అని.

"పోనీలే" అంది ఆ అవ్వ, అక్కడే అరుగుమీద కూర్చుని చీర మోకాలి దాకా జరిపి, "ఈడ చూడు. ఈడ నొప్పి."

ఏ మోకాలో రెండుసార్లు అడిగి కూర్చున్నాను. మధ్యాహ్నం అన్నాలవేళ దాటిపోయింది. మంగంపేట బస్సు వెళ్ళిపోయింది. ఆ తర్వాతి బస్సు కూడా ఎక్కలేదు. ఆరు నెలలకు నాలుగోసారి రాసి పాసయ్యాను, బొటాబొటి మార్కులతో. ఆ రోజు అరుగుమీద, ముసలామె కాలు ఒళ్ళో పెట్టుకొని, ప్రపంచంలో తనంత పనికిమాలినవాడు లేడనుకుంటూ, వంచవ్వా, మెల్లగా వంచు అంటున్న ఆ కుర్రాడు ఒక్కోసారి గుర్తొస్తాడు. పక్కన కూర్చుని, ఏమప్పా, మొహం అట్ల పెట్టుకోకు, సరైన మోకాలే పట్టుకున్నావు అని చెప్పాలనిపిస్తుంది.